డిశ్చార్జి అయ్యాక ఎక్కడికి?



మా వార్డు రిజిస్టరులో పేరు, వయసు తర్వాత చిరునామా గడి ఉంటుంది. అందులో మామూలుగా ఊరు, మండలం రాస్తాం. ఒక్కోసారి మాత్రం "బస్టాండు" అని రాసి ఉంటుంది. ఇంకోసారి "రైల్వే స్టేషను". శిక్షణలో ఉన్న రోజుల్లో ఆ గడి ఆఫీసువాళ్ల పని అనుకునేవాళ్లం. ఇన్నేళ్ల తర్వాత చూస్తే, రోగి తిరిగి మంచం పడతాడా లేదా అన్నది చాలాసార్లు ఆ గడిలోనే తెలిసిపోతోంది. ఈ నెల పాఠం దాని గురించే.

మన జిల్లా పడమటి మండలాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన సంగతి చెబుతాం. షుగరు జబ్బు, కాలి బొటనవేలికి పుండు. పదకొండు రోజులు ఉంచుకుని, పుండు శుభ్రం చేసి, షుగరు అదుపులోకి తెచ్చి పంపాం. కాలు తడవనీయొద్దు, రోజూ కట్టు మార్పించుకో, ఇన్సులిన్ చల్లటి చోట పెట్టుకో, వేళకు తిను అని చెప్పాం. ఆయన "అట్లేనమ్మా" అని తలూపి పోయాడు. ఇరవై రోజులకు వేలు నల్లబడి తిరిగి వచ్చాడు. వేలు తీసేయాల్సి వచ్చింది. చెప్పిన మాట వినలేదని మా సిస్టరు ఒకామె కోప్పడింది. "సూదిమందు యాడ పెట్టుకోవల్ల తల్లీ?" అని అడిగాడాయన. ఆయన పడుకునేది రాత్రి మూసిన అంగడి మెట్ల మీద. మేము చెప్పిన నాలుగు జాగ్రత్తల్లో ఒక్కటి కూడా ఇల్లు లేని మనిషి చేయగలిగింది కాదు. తప్పు మాదే. అడగకుండా చెప్పాం.

ఇల్లు ఎందుకు పోతుంది?

తాగుడు, సోమరితనం అని చెప్పడం సులువు. తాగుడు వల్ల చెడిన ఇళ్లు లేవని మేము అనం. కానీ రోడ్డు మీదకు వచ్చిన తర్వాత చలికి, నొప్పికి, భయానికి తాగడం మొదలుపెట్టినవాళ్లనూ చూశాం.

మన ప్రాంతంలో మొదటి కారణం వాన. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఆస్పరి వైపు వాన మొహం చాటేస్తే కుటుంబాలు సుగ్గికి పోతాయి. కొందరు గుంటూరు వైపు మిరపకాయ కోతకు, కొందరు బెంగళూరు, హైదరాబాదు కట్టడాల పనికి. అక్కడ వాళ్లు కట్టేది మేడలు, పడుకునేది టార్పాలిన్ కింద. ఒళ్లు బాగున్నంత కాలం అది బతుకుతెరువే. కాలు విరిగినా, దగ్గు పట్టుకున్నా కూలి ఆగిపోతుంది. అప్పు తీరకుండా ఊరికి పోవడానికి మొహం చెల్లదు. అట్లా ఎక్కడి బస్టాండులోనో ఉండిపోతారు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు పనిచోటే ఇల్లుగా ఉన్నవాళ్లు ఎందరో దేశమంతా చూసింది.

నీళ్లు లేక పోయే ఇల్లు నీళ్లొచ్చి కూడా పోతుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు మనమంతా కొన్నాళ్లు ఆ రుచి చూసినవాళ్లమే. చాలామంది ఇళ్లు కడుక్కుని మళ్లీ నిలబడ్డాం. అప్పటికే అప్పుల్లో ఉన్నవాళ్లకు, ఒంటరి ముసలివాళ్లకు అది అంత తేలిక కాలేదు. మతి చెడినవాళ్లు, భర్త పోయాక అత్తింటివాళ్లు పంపేసిన ఆడవాళ్లు, పిల్లలు వదిలేసిన పెద్దలు కూడా మా దగ్గరికి వస్తున్నారు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివారు 17.7 లక్షలు.

డబ్బున్న దేశంలో ఈ బాధ ఉండదు కదా అని మా విద్యార్థినులు అడుగుతుంటారు. అమెరికాలో 2024 జనవరిలో ఒక్క రాత్రి లెక్క తీస్తే ఇల్లు లేనివారు 7,71,480 మంది. అక్కడ కరువు కాదు, అద్దె. కూలి కంటే అద్దె వేగంగా పెరిగింది. పేదల ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చే కొత్త సాయాన్ని 1980లలో బాగా తగ్గించారు. ఇంకో కారణం మన వృత్తికి సంబంధించినదే. 1955లో అక్కడి ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో అయిదున్నర లక్షలకు పైగా రోగులుండేవారు. కొత్త మందులొచ్చాయి, ఊరూరా మానసిక ఆరోగ్య కేంద్రాలు పెడతామని 1963లో చట్టం చేశారు. వార్డులు ఖాళీ అయ్యాయి గానీ, అనుకున్నన్ని కేంద్రాలు రాలేదు. అంటే లక్షలమందిని డిశ్చార్జి చేశారు, ఎక్కడికి అన్నది సరిగా చూడలేదు. మా పెద్దాయన విషయంలో మేము చేసినదీ అదే.

శరీరం మీద ఏం జరుగుతుంది?

అన్నిటికంటే ముందు కాళ్లు. షుగరు ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. చెప్పులు లేకుండా నడిచినా, నిద్రలో ఎలుక కొరికినా తెలియదు. రాత్రంతా కూర్చునే నిద్రపోతే కాళ్లు వాచి, చర్మం చిట్లి, పుండు పడుతుంది.

తర్వాత ఆడవాళ్ల బాధ. మరుగుదొడ్డి లేక, చీకటి పడేదాకా పోవడానికి వీల్లేక నీళ్లే తాగరు. మూత్రంలో మంట, జ్వరం, నడుము నొప్పి అని వస్తారు. ఎక్కువ నీళ్లు తాగమ్మా అని చెప్పి పంపేముందు, తాగితే ఎక్కడికి పోతుందో అడగాలి. రాత్రి భయంతో సగం నిద్రే పోతారని కూడా గుర్తుంచుకోవాలి. నెలల తరబడి నిద్ర లేకపోతే ఎవరికైనా మతి నిలవదు.

క్షయకు కనీసం ఆరు నెలలు మందు మింగాలి. ఊరు మారితే అక్కడి ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా కొనసాగించుకోవచ్చని చాలామందికి తెలియదు. పోషణ కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు ఇస్తున్నారు. అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా లేదని ఊరుకోకుండా తెరిపించడం కూడా వైద్యమే.

బోస్టన్ నర్సుల పాఠం

1985లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జిమ్ ఒకానెల్ అనే యువ డాక్టరు నిరాశ్రయుల వసతిలోని నర్సుల క్లినిక్కుకు వచ్చాడు. బార్బరా మెకిన్నిస్ అనే నర్సు ఆయన స్టెతస్కోపు పక్కన పెట్టించి, ముందు వచ్చినవాళ్ల కాళ్లు తొట్టిలో నానబెట్టి కడగమంది. కొన్ని వారాలు ఆయన చేసిన పని అదే. కాళ్లు కడిగేవాడికి మనుషులు నోరు విప్పి తమ జబ్బులు చెప్పుకున్నారు. (మనకు ఈ పని కొత్త కాదు, ఏడాదికొకసారి గుడిలో చేసి మరిచిపోతాం.) ఆ బృందమే, ఆసుపత్రిలో ఉంచేంత జబ్బు లేకపోయినా రోడ్డు మీద మానని రోగుల కోసం పడకలు ఏర్పాటు చేసింది. తర్వాత దానికొక సొంత భవనం వచ్చింది. దానికి ఆ నర్సు పేరే పెట్టారు.

మంచి సమరయుడి కథలో కూడా గాయాలకు నూనె, ద్రాక్షారసం పోయడంతో పని అయిపోలేదు. పూటకూళ్ల ఇంటికి తీసుకుపోయి, మానేదాకా ఉంచడానికి డబ్బు కట్టాడు. మేము మొదటి సగం దగ్గరే ఆగిపోతున్నాం.

ఇక్కడ ఏం చేయవచ్చు?

2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నియమాలు, పట్టణంలో ప్రతి లక్ష జనాభాకు కనీసం వందమందికి సరిపడే వసతి ఉండాలని చెప్పాయి. కర్నూలు జనాభా 2011లోనే నాలుగు లక్షలు దాటింది. లెక్క మీరే వేసుకోండి. వసతి గృహం గురించి మునిసిపల్ కార్పొరేషన్‌లో అడగవచ్చు.

మతి చెడి రోడ్డు మీద తిరిగేవారిని చూస్తే తరిమేయకండి, పోలీసులకు చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వారిని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్పులో పెట్టకూడదు. ఇల్లు లేనివారికి చికిత్స ఉచితం.

మా వార్డులో ఇప్పుడు చేరిన రోజే మూడు ప్రశ్నలు అడుగుతున్నాం. రాత్రి ఎక్కడ పడుకుంటావు? మందులు ఎక్కడ దాచుకుంటావు? నీ కోసం ఎవరికి ఫోను చేయాలి? జవాబును బట్టి మందు వేళలు మారుస్తాం. కుదిరితే రోజుకు ఒకసారి వేసుకునే మాత్రలు రాయమని డాక్టరుగారిని అడుగుతాం. ఫ్రిజ్జు లేకపోతే, ఇన్సులిన్ సీసాను ప్లాస్టిక్ డబ్బాలో మూసి, తడి ఇసుక వేసిన మట్టికుండలో నీడన పెట్టవచ్చు. మన ఎండల్లో నేరుగా సంచిలో పెట్టుకు తిరిగితే మందు పాడవుతుంది.

ఆ పెద్దాయన ఇన్సులిన్ ఇప్పుడు ఒక టీ హోటలు ఫ్రిజ్జులో, పాల ప్యాకెట్ల పక్కన ఉంటోంది. హోటలు యజమానిని మా సిస్టరే అడిగింది, ఆ కోప్పడిన ఆమే. మంగళ, శుక్రవారాలు కట్టుకు వస్తున్నాడు. పుండు సగం పూడింది. రాత్రి పడక మాత్రం ఇంకా మెట్ల మీదే.

ఆయనలాంటివారి కోసం వాడిన గట్టి చెప్పులు, ముఖ్యంగా ఎనిమిది, తొమ్మిది నంబర్లవి, శుభ్రం చేసి వార్డు ఆఫీసులో ఇవ్వండి. లోపల మేకులు తేలినవి వద్దు.