ఒక ఆఫీసు, 23 డివైస్‌లు

మా క్లబ్ ఎడిటర్ అక్క "ఈసారి నువ్వు కవిత పంపకు, నీ సబ్జెక్ట్ మీద ఏదైనా రాయి" అంది. కవితల మీద ఆమె అభిప్రాయం ఏంటో నాకు అర్థమైంది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. టాపిక్ మాత్రం నాకు ఈ వేసవిలో నిద్ర లేకుండా చేసినదే: ఒక కంపెనీలో రకరకాల కంప్యూటర్లు, ఫోన్‌లు ఉంటే వాటన్నిటి సెక్యూరిటీ, నెట్‌వర్క్ సెట్టింగ్‌లు ఒక చోట నుంచి ఎలా నడపాలి అని.

ముందు ఒక పాత సంగతి. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడింది. మర్నాటికే మన పేపర్లలో కూడా వచ్చింది, ఎందుకంటే ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. చిత్తూరు, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం, వాటితో పాటు మన కృష్ణా జిల్లా. ఫైళ్ళన్నీ లాక్ అయిపోయి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కడితే తెరుస్తామని స్క్రీన్ మీద ఎర్ర బాక్స్. అప్పటి డీజీపీ సాంబశివరావు గారు విండోస్ వాడే సిస్టమ్‌లే దెబ్బతిన్నాయని, ఆపిల్‌వి క్షేమమని చెప్పినట్టు వార్తల్లో ఉంది. చాలామంది దీన్ని "విండోస్ చెడ్డది, ఆపిల్ మంచిది" అని చదువుకున్నారు. నాకైతే వేరేలా అనిపిస్తుంది. వన్నాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే ప్యాచ్ ఇచ్చేసింది. అంటే మందు వచ్చి దాదాపు రెండు నెలలైంది. సపోర్ట్ అయిపోయిన ఎక్స్‌పీ సంగతి పక్కన పెడితే, మిగతా వాటికి మందు ఉంది, అది చివరి కంప్యూటర్ దాకా వెళ్ళలేదు.

ఇది మన డెల్టా వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలారని పేపర్లో పడుతుంది. శివారు పొలం రైతు మాత్రం కాలువలోకి చూస్తూ కూర్చుంటాడు. పైన వదలడం ఒక పని, శివారుకి చేరిందో లేదో చూడటం ఇంకో పని. డివైస్ మేనేజ్‌మెంట్ అనే సబ్జెక్ట్ మొత్తం ఆ రెండో పని గురించే.

ఇక మా బాబాయ్ సంగతి. కైకలూరు దగ్గర చేపల వ్యాపారం. చెరువుల్లో పట్టిన చేపని షెడ్‌లో ట్రేలకెత్తి, ఐస్ వేసి, లారీల్లో హౌరా పంపిస్తారు. గత ఏడాది ఒక సూపర్‌వైజర్ ఫోన్ బస్సులో పోయింది. అందులో ఏ పార్టీకి ఏ రేటు ఇస్తున్నామో ఉన్న షీట్ తెరిచే ఉంది. ఈ వ్యాపారంలో రేటే రహస్యం. అప్పటి నుంచి బాబాయ్‌కి భయం పట్టుకుంది. నాకు సెలవులివ్వగానే ఫోన్ చేసి "ఒరేయ్, కంప్యూటర్ సైన్స్ అంటున్నావ్ గదా, వచ్చి ఏదోటి చెయ్" అన్నాడు.

వెళ్ళాక మొదటి రోజంతా చేసింది ఒకటే పని, లెక్క రాయడం. టాలీ నడిచే డెస్క్‌టాప్‌లు 3, అందులో రెండు ఇంకా విండోస్ 7. ల్యాప్‌టాప్‌లు 2. ప్యాకింగ్ షెడ్‌లో సిమ్ లేని ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు 2. డ్రైవర్లవి, సూపర్‌వైజర్లవి సొంత ఫోన్‌లు 12. బాబాయ్ ఐఫోన్. స్కానర్ కమ్ ప్రింటర్. వేలిముద్ర హాజరు మెషిన్. సీసీ కెమెరాల డీవీఆర్. మొత్తం 23. అందరికీ ఒకటే వైఫై, పాస్‌వర్డ్ గోడ మీద క్యాలెండర్ పక్కన స్కెచ్ పెన్‌తో రాసి ఉంది. ఈ లెక్క బోర్ కొడుతుంది కానీ వదిలేయకండి. లిస్టులో లేని దాన్ని కాపాడలేం, సింపుల్.

ఇప్పుడు అసలు పాఠం. "స్క్రీన్ లాక్ తప్పనిసరి, ఆరు అంకెల పిన్" అని ఒక రూల్ పెట్టాలనుకోండి. మన మనసులో రూల్ ఒకటే. కానీ డివైస్‌లు దాన్ని వేర్వేరు భాషల్లో వింటాయి.

విండోస్‌కి పాత పద్ధతి గ్రూప్ పాలసీ. ఆఫీసులో డొమైన్ సర్వర్ ఉంటే, అందులో చేరిన ప్రతి కంప్యూటర్ మామూలుగా 90 నిమిషాలకోసారి, దానికి అరగంట లోపు ఎంతో కొంత అదనంగా కలుపుకుని, సర్వర్ దగ్గరికి వెళ్ళి రూల్స్ తెచ్చుకుంటుంది. ఆ అదనం ఎందుకంటే, అన్నీ ఒకేసారి మీద పడితే సర్వర్ కుదేలవుతుంది. దీని చిక్కేంటంటే కంప్యూటర్ ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉండాలి. పైగా హోమ్ ఎడిషన్ విండోస్ డొమైన్‌లో చేరనే చేరదు. మా బాబాయ్ ల్యాప్‌టాప్ ఒకటి హోమ్ ఎడిషనే, షాపు వాడు అదే ఇచ్చాడు.

ఫోన్‌లకి వచ్చిన పద్ధతి మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్, ఎండీఎం అంటారు. ఆపిల్ దీన్ని 2010లో ఐఓఎస్ 4తో తెచ్చింది. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. సర్వర్ నేరుగా ఫోన్‌లోకి దూరి ఏమీ మార్చదు. ఆపిల్ పుష్ సర్వీస్ ద్వారా "ఒకసారి రా" అని చిన్న కబురు పంపిస్తుంది, అంతే. కబురులో రూల్ ఉండదు. ఫోనే లేచి సర్వర్ దగ్గరికి వెళ్ళి "నాకేమైనా పని ఉందా" అని అడిగి, కాన్ఫిగరేషన్ ప్రొఫైల్ తీసుకుని, పెట్టుకున్నానని జవాబు చెప్తుంది. అంటే సర్వర్ దగ్గర ప్రతి డివైస్‌కీ "చివరిసారి ఎప్పుడు వచ్చింది" అనే తేదీ ఉంటుంది. డ్యాష్‌బోర్డ్‌లో రంగురంగుల గ్రాఫ్‌లన్నీ వదిలేసి నేను రోజూ చూసింది ఆ ఒక్క కాలమ్. 40 రోజుల నుంచి రాని ఫోన్ ఉంటే, అదే మన శివారు పొలం.

ఇంకో చిన్న జాగ్రత్త: ఆపిల్ పుష్ సర్టిఫికెట్ ఏడాదికోసారి రెన్యూ చేయాలి, మొదట ఏ ఆపిల్ అకౌంట్‌తో తీశారో దానితోనే. అకౌంట్ మర్చిపోయి కొత్త సర్టిఫికెట్ తీస్తే ప్రతి ఐఫోన్‌నీ మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాలి. అందుకే ఉద్యోగం మారిపోయే మనిషి సొంత అకౌంట్‌తో తీయకూడదు. నా అకౌంట్‌తో తీయబోయి ఆగాను.

ఆండ్రాయిడ్‌లో రెండు దారులు. డివైస్ కంపెనీదైతే పూర్తిగా మన చేతిలోకి తీసుకోవచ్చు, కానీ ఫ్యాక్టరీ రీసెట్ చేసి మొదటి స్క్రీన్ నుంచే ఎక్కించాలి. 2022 డిసెంబర్‌లో గవర్నమెంట్ స్కూళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చారు కదా, 4 లక్షల పైనే, వాటిలో ఉన్నది కూడా ఎండీఎంయే. పాఠాలు కానివి ఆపడానికి పెట్టారు. మనం షెడ్‌లో రెండు ట్యాబ్‌లకి చేసేదే అక్కడ లక్షల్లో.

రెండో దారి సొంత ఫోన్‌లకి, వర్క్ ప్రొఫైల్. ఫోన్‌లోనే ఒక వేరే గది కట్టినట్టు. ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటుంది. ఫోన్ పోతే కంపెనీ ఆ గదిని మాత్రం చెరిపేయగలదు, మిగతా ఇల్లు ముట్టుకోలేదు.

ఇది చదువుకున్నప్పుడు టెక్నికల్ ఫీచర్ అనుకున్నా. షెడ్ దగ్గర ఒక డ్రైవర్ అన్న అడిగినప్పుడు అర్థమైంది. "బాబూ, ఇది ఎక్కిస్తే నా ఫొటోలు ఆఫీసులో కనపడతాయా?" కనపడవన్నా. "మా ఆవిడతో మాట్లాడేది?" అదీ కనపడదన్నా. "మరి నేనెక్కడున్నానో అయ్యగారికి తెలిసిపోద్దా?"

ఇక్కడ ఆగాల్సి వచ్చింది. ఎందుకంటే వర్క్ ప్రొఫైల్‌లో ఉన్న యాప్‌కి లొకేషన్ పర్మిషన్ ఇస్తే తెలుస్తుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి సొంత ఫోన్‌లలో ఆ పర్మిషన్‌ని అడ్మిన్ తనంతట తాను ఇచ్చుకోలేడు, ఫోన్ మనిషే నొక్కాలి. సరిగ్గా ముందు రోజే బాబాయ్ "లొకేషన్ కూడా ఆన్ చేసెయ్ రా, వాళ్ళకి చెప్పక్కర్లేదు" అన్నాడు. నేను డ్రైవర్ అన్నకి ఉన్నది ఉన్నట్టు చెప్పేశా. అడిగితే ఓకే నొక్కకు, నొక్కకపోయినా పని ఆగదు అన్నా. సాయంత్రానికి సంగతి బాబాయ్ చెవిన పడింది. "నువ్వు నా మనిషివా వాళ్ళ మనిషివా?" అన్నాడు. లారీ మీది, లారీకి జీపీఎస్ పెట్టుకోండి, ఫోన్ ఆయనది అన్నా. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పిన్నే అన్నం దగ్గర మధ్యలో కబుర్లు మోసింది. తర్వాత లారీలకి జీపీఎస్ బిగించారు. 12 మందిలో 11 మంది వర్క్ ప్రొఫైల్‌కి ఒప్పుకున్నారు. ఒకాయన ఒప్పుకోలేదు, ఆయన ఫోన్‌లో రేట్ల షీట్ తీసేశాం, ఇప్పుడు రేటు ఫోన్ చేసి చెప్తారు.

ఇక నేను చేసిన ఘనకార్యం. గోడ మీద పాస్‌వర్డ్ మార్చాలి, వైఫైని మూడుగా విడదీయాలి: ఆఫీసు పనికి ఒకటి, సొంత ఫోన్‌లకి ఒకటి, డీవీఆర్‌కీ హాజరు మెషిన్‌కీ ఒకటి. ఎండీఎంలో కొత్త వైఫై ప్రొఫైల్ తయారు చేశా, అన్నిటికీ పంపమని నొక్కా. వెంటనే రూటర్‌లో పాత వైఫై తీసేశా. శనివారం సాయంత్రం, లోడింగ్ టైమ్.

షెడ్‌లో ట్యాబ్‌లు రెండూ నెట్ నుంచి పడిపోయాయి. కొత్త ప్రొఫైల్ తెచ్చుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే కొత్త ప్రొఫైల్ కావాలి. సిమ్ లేదు. చేతితో వైఫై మార్చడం నేనే రూల్ పెట్టి ఆపేశా. లోడ్ లిస్ట్ ట్యాబ్‌లోనే ఉంది. లారీ ఇంజిన్ ఆన్‌లో ఉంది, ట్రేల్లో ఐస్ కరుగుతోంది, అకౌంటెంట్ గారు కాగితం తీసి ట్రేలు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతున్నారు. బాబాయ్ ఏమీ అనలేదు, అదే భయంకరంగా ఉంది.

చివరికి రూటర్‌లో పాత పేరు, పాత పాస్‌వర్డ్‌తో వైఫై మళ్ళీ సృష్టించా. ట్యాబ్‌లు తమంతట తాము ఎక్కేశాయి, కొత్త ప్రొఫైల్ తీసుకున్నాయి. లారీ 40 నిమిషాలు ఆలస్యంగా కదిలింది. చేయాల్సిన వరుస ఇది: కొత్త వైఫై, పాత వైఫై రెండూ నడుస్తుండగా ప్రొఫైల్ పంపాలి, ప్రతి డివైస్ "అందింది" అని చెప్పేదాకా ఆగాలి, ఒకటి రెండు రోజులు చూశాక పాతది తీయాలి. కొత్త కాలువలో నీళ్ళు పారక ముందే పాత కాలువకి గండి పూడ్చి కట్ట వేసేశా నేను. అలాగే ముందు ఒక్క ట్యాబ్ మీద చేసి చూడాలి. ఇది ప్రతి పుస్తకంలో ఉంటుంది, నేనూ చదివాను, పరీక్షలో రాశాను కూడా.

విండోస్ వైపు కూడా ఒకటి జరిగింది. టాలీ డేటా ఒక డెస్క్‌టాప్‌లో ఉండి, మిగతావి ఫైల్ షేరింగ్ ద్వారా తెరుస్తాయి. ఆ షేరింగ్ నడిచేది ఎస్‌ఎంబీ మీద, పోర్ట్ 445. వన్నాక్రై ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి పాకిందీ సరిగ్గా అదే దారిలో, ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపంతో. షేరింగ్ మొత్తం మూసేస్తే టాలీ ఆగుతుంది. కాబట్టి మొదటి వెర్షన్ మాత్రం ఆపేశా, విండోస్ 7 కూడా రెండో వెర్షన్‌తో నడుస్తుంది. టాలీ బాగానే ఉంది. మర్నాడు స్కానర్ చచ్చిపోయింది. ఆ పాత స్కానర్‌కి మొదటి వెర్షన్ తప్ప ఇంకేమీ రాదట! ఇప్పుడు స్కాన్ చేసినవి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తున్నారు. దాని కోసం 445 దగ్గర పాత తలుపు తెరవనని పట్టుబట్టాను.

డీవీఆర్, హాజరు మెషిన్ లాంటివి ఎండీఎం మాట వినవు, వాటికి ఆ భాషే రాదు. వాటిని వేరే నెట్‌వర్క్‌లో పెట్టి, కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చి, బయటి నుంచి లోపలికి దారి మూసేయడమే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి కెమెరాలు, డీవీఆర్‌లనే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతో పట్టుకుని, ఆ ఏడాది అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీదకి తోలింది. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి తెరుచుకోలేదు. బాబాయ్ డీవీఆర్ పాస్‌వర్డ్ ఏంటో రాయను కానీ, మీరు మొదటి ప్రయత్నంలోనే చెప్పేసేవాళ్ళు.

ఇప్పటి లెక్క: ట్యాబ్‌లు 2, ఫోన్‌లు 11, ల్యాప్‌టాప్‌లు 2, కొత్త డెస్క్‌టాప్ 1 ఎండీఎంలో ఉన్నాయి. హోమ్ ఎడిషన్‌ని డబ్బు కట్టి ప్రోకి మార్చాం. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14నే అయిపోయింది కాబట్టి ఆ రెండిటికీ ఇంటర్నెట్ తీసేశా, టాలీ వరకే. దసరాకి కొత్తవి కొంటానని బాబాయ్ మాట ఇచ్చాడు. గోడ మీద పాస్‌వర్డ్‌కి సున్నం వేయించాం.

బాబాయ్ ఐఫోన్ మాత్రం ఇంకా ఎక్కలేదు. ఎప్పుడు అడిగినా "నాదెందుకు రా, నేనేమన్నా డ్రైవర్నా" అంటున్నాడు.