ఎక్స్‌క్లూజివ్ గడిలో టిక్ పెట్టే ముందు

భిలాయిలోని మరోదా సెక్టార్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. తాతగారి కాలంలో శ్రీకాకుళం నుంచి స్టీల్ ప్లాంటు పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు. సీజన్ లేనప్పుడు కెమెరా పట్టుకుని మరోదా చెరువు గట్టెక్కుతాడు. అక్కడ తీసిన ఫొటోలను ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే ఏజెన్సీ ఒకటి ఒప్పందం పంపిందట. అందులో రెండు గడులు: ఎక్స్‌క్లూజివ్, నాన్ ఎక్స్‌క్లూజివ్. “మొదటిదాంట్లో పర్సంటేజీ ఎక్కువండీ, టిక్ పెట్టేయనా?”

ఆగమన్నాను.

మన 1957 నాటి కాపీరైట్ చట్టంలో ఎక్స్‌క్లూజివ్ లైసెన్సుకు సెక్షన్ 2(జె)లో అర్థం రాసి ఉంది. లైసెన్సు తీసుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ ఆ హక్కు ఉండదు. ఆ ‘ఇంకెవరికీ’లో ఫొటో తీసిన మీరూ ఉన్నారు. యజమాని మీరే, కానీ ఒప్పందంలో మినహాయింపు రాయించుకోకపోతే మీ చెరువు ఫొటోతో మీరే క్యాలెండర్ వేసి అమ్ముకోలేరు. చాలామంది దీన్ని ‘ఇంకో ఏజెన్సీకి ఇవ్వకూడదు, అంతే’ అనుకుంటారు.

రెండో చిక్కు, ఎక్స్‌క్లూజివ్ అన్నది దేనికి అని. ఆ ఒక్క ఫొటోకా, ఫొటో తీసే మనిషికా? ఫొటోలు అమ్మే సైటు ఐస్టాక్‌నే చూడండి. 2000లో కెనడాలో మొదలైంది, 2006లో దాన్ని గెట్టీ ఇమేజెస్ అనే కంపెనీ కొనుక్కుంది. అక్కడ నాన్ ఎక్స్‌క్లూజివ్ ఫొటోకు 15 శాతం, ఎక్స్‌క్లూజివ్‌కు 25 నుంచి 45 శాతం ఇస్తామన్నారు. కానీ అక్కడి ఎక్స్‌క్లూజివ్ మనిషికి పడే ముడి. ఆ మనిషి రాయల్టీ ఫ్రీ (ఒకసారి కొని పదేపదే వాడుకునే) ఫొటోలన్నీ ఆ గూటికే చేరాలి. ఫొటో వరకే అయితే నష్టం చిన్నది. మనిషికే అయితే, నిన్న తీసినవే కాదు, రేపు తీయబోయేవి కూడా కట్టుబడిపోతాయి.

లెక్క వేసి చెప్పాను. వెయ్యి రూపాయల అమ్మకంలో 15 శాతమంటే 150, ఎక్స్‌క్లూజివ్ మొదటి మెట్టు 25 శాతమంటే 250. తేడా వంద. అదే ఫొటో మరో ఏజెన్సీ అయిన అడోబీ స్టాక్‌లోనూ ఉండి, అక్కడ వెయ్యికి అమ్ముడైతే 33 శాతం లెక్కన 330. పైగా ఈ రేట్లు మన చేతిలో ఉండవు. 2020 జూన్‌లో షటర్‌స్టాక్ అనే ఏజెన్సీ తన చెల్లింపుల పద్ధతి మార్చి, ఏటా జనవరిలో అందర్నీ మళ్లీ కింది మెట్టు నుంచి మొదలుపెట్టించింది. ఒక్క చోటే అమ్ముకునేవాడికి ఇలాంటి దెబ్బ నేరుగా తగులుతుంది.

అలాగని ఎక్స్‌క్లూజివ్ చెడ్డదేం కాదు. మీ ఫొటో ఎవరైనా దొంగిలిస్తే, ఎక్స్‌క్లూజివ్ లైసెన్సు ఉన్న ఏజెన్సీ సెక్షన్ 54 కింద తానే దావా వేయగలదు. నాన్ ఎక్స్‌క్లూజివ్‌లో ఆ తిప్పలు మీవే. కాకపోతే సెక్షన్ 62 పుణ్యమా అని, మీరు నివసించే జిల్లా పరిధిలోనే కేసు వేయొచ్చు. దొంగ ఉన్న ఊరికి పరుగెత్తక్కర్లేదు.

ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని సెక్షన్ 19 చెబుతుంది. హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడుకోకపోతే అది రద్దయిపోతుంది కూడా, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే. సెక్షన్ 30ఏ వల్ల ఇవి లైసెన్సులకూ వర్తిస్తాయి. కానీ విదేశీ ఏజెన్సీలు ఇలాంటి ఖాళీలు వదలవు. ‘ప్రపంచమంతటా’ అని రాసేస్తాయి, వివాదమొస్తే తమ దేశపు చట్టమే అంటాయి. ‘ఐ అగ్రీ’ నొక్కడమూ ఒప్పందమే. ఐటీ చట్టం సెక్షన్ 10ఏ దాన్ని గుర్తిస్తుంది. అందుకే మానుకునేటప్పుడు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో నొక్కకముందే చూసుకోవాలి.

నాన్ ఎక్స్‌క్లూజివ్‌లోనూ ఒక మెలిక ఉంది. రాయల్టీ ఫ్రీగా ఒక్కసారి అమ్మిన ఫొటోను రేపు మీరు అన్ని చోట్లా తీసేసినా, కొన్నవాడి లైసెన్సు మాత్రం పోదు. తర్వాత ఏ క్యాలెండర్ కంపెనీ అయినా వచ్చి ‘ఇది మాకొక్కరికే కావాలి’ అంటే మీరు నిజాయితీగా సరే అనలేరు. కాబట్టి నా సలహా ఇది: మంచివి ఓ పదీ పన్నెండు పక్కన పెట్టుకోండి, మిగతావి నాన్ ఎక్స్‌క్లూజివ్‌లో వదలండి. ఏడాది అమ్మకాలు చూశాకే మొదటి గడి గురించి ఆలోచించండి.

కుర్రాడు సరేనన్నాడు. పంపబోయే ఫొటోలు ఒకసారి చూపించమన్నాను. చెరువు మీద మంచు, దూరంగా ప్లాంటు పొగ గొట్టాలు. వాటి మధ్యలో గోరింటాకు పండిన ఓ పెళ్లికూతురి చెయ్యి.

“ఇదెవరిది?”

“పోయిన నెల పెళ్లిదండీ. నేనే తీశాను కదా.”

తీసింది నువ్వే, డబ్బిచ్చి తీయించుకుంది పెళ్లివారు. వేరేగా ఒప్పందం లేకపోతే, సెక్షన్ 17(బి) ప్రకారం ఆ ఫొటో మీద కాపీరైట్ వాళ్లదే. రెండు గడుల్లో ఏదీ నీది కాదు బాబూ అన్నాను.

“అయితే తీసేయమంటారా?”

“ముందు వాళ్లింటికి వెళ్లి అడుగు. ఇస్తామంటే కాగితం మీద రాయించుకో.”