మీ అమ్మను నడవనివ్వు
తెనాలి

చిరంజీవి అబ్బాయికి, పెద్దమ్మ ఆశీర్వచనాలు.

ఎల్లుండి మీ అమ్మను ఇక్కడి నర్సింగ్‌హోమ్ నుంచి రేపల్లె తీసుకెళ్తున్నావు. తుంటి ఆపరేషన్ బాగా జరిగింది, సంతోషం. "ఇంక మంచం దిగనివ్వను పెద్దమ్మా" అన్నావు ఫోన్లో. ప్రేమకొద్దీ అన్నావని తెలుసు. కానీ నాయనా, ఆ ఒక్క పనీ చెయ్యకు. వార్డుల్లో నర్సుగా పనిచేసినదాన్ని గనక గట్టిగా చెబుతున్నాను. మంచాన ఉన్న పెద్దవాళ్ళ కాళ్ళలో సత్తువ రోజుల్లోనే తగ్గిపోతుంది. ఏ అర్ధరాత్రో నిన్ను లేపడం ఎందుకని తానే లేస్తే ఆ కాళ్ళు నిలవవు. ఆస్పత్రి నుంచి వచ్చిన తొలి వారాల్లో పడే ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. అందులో ఎక్కువమంది 60 దాటినవాళ్ళే.

మీ అమ్మను కట్టడి చెయ్యకు, ఇల్లు సరిచెయ్యి. మీ పాత ఇంట్లో గదికో గడప ఉంది. వాటిని తియ్యలేవు గానీ, బాగా కనబడేలా రంగు వేయించు. నేలమీద పరిచిన పాతచీరల పట్టాలు తీసెయ్యి. దొడ్లో బాత్‌రూం దగ్గర నాచు గీకించు. కింద కూర్చునే మరుగుదొడ్డి ఇప్పుడు ఆవిడకి పనికిరాదు. మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టు. స్నానాల గదిలో గోడకు బోల్టులు దింపిన స్టీలు కడ్డీ కావాలి, తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువు ఆపదు. నవారు మంచం కుంగుతుంది, లేవడం కష్టం. కాస్త ఎత్తున్న చెక్క మంచం వెయ్యి. చీర పాదాల మీద పడకుండా కట్టుకోమను. హవాయి చెప్పులు మానిపించి, వెనక పట్టీ ఉన్నవి కొను. చేతులు కిందికి వేలాడేసి నిలబడితే వాకర్ పిడి మణికట్టు ఎత్తుకు రావాలి.

మందుల సంగతి మరీ ముఖ్యం. ఇంట్లో ఉన్న పాత మందుల డబ్బా, కొత్త చీటీ రెండూ డాక్టరు ముందు పెట్టు. ఒకే బీపీ మాత్ర రెండు పేర్లతో మింగేవాళ్ళు ఉంటారు. నిద్రమాత్రలు, మూత్రం ఎక్కువ చేసే మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో అడుగు. మంచం అంచున కాసేపు కూర్చుని, కాళ్ళు ఆడించి, అప్పుడే లేవమను. నిలబడిన 3 నిమిషాల్లోపు పై బీపీ 20 పాయింట్లు పడిపోతే డాక్టరుకు చెప్పాలి.

మన తీరంలో కరెంటును నమ్ముకోలేం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా. తలగడ పక్కన టార్చి, దారిలో బ్యాటరీ దీపం ఎప్పుడూ ఉండాలి. నువ్వు బాపట్ల ఆఫీసుకి వెళ్ళినప్పుడు సెల్‌ఫోను చిన్న సంచిలో వేసి ఆవిడ మెడలో ఉంచు. పొరుగింటివాళ్ళకు ఒక తాళంచెవి ఇవ్వు. ఒకవేళ పడితే చేతులు పట్టి లాగొద్దని వాళ్ళకూ చెప్పు. కాలు కదపలేకపోయినా, తలకు దెబ్బ తగిలినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

ఇక కసరత్తు. ఇళ్ళలో ఉండే పెద్దవాళ్ళ మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2019లో చూస్తే, కాళ్ళ బలానికీ నిలకడకీ కసరత్తు చేసినవాళ్ళలో పడటాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. మీ అమ్మకు ఆపరేషన్ గాయం ఇంకా పచ్చిది. అందుకని ఫిజియోథెరపిస్టు చెప్పినవే, చెప్పినంతే, మొదట్లో పక్కన మనిషి ఉండగానే చేయించు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం లాంటివి నెమ్మదిగా వాళ్ళే నేర్పుతారు.

పడతానన్న భయం ఆవిడకీ ఉంటుంది, నీకూ ఉంటుంది. ఆ భయంతో ఆవిడ మీద కోప్పడకు. లేస్తానంటే "కూర్చో" అనకు. "వస్తున్నానమ్మా" అని వెళ్ళి పక్కన నిలబడు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ