తేటనీటిలో దాగిన విషము

చిల్లగింజను అరగదీసి కలిపిన మురికినీరు తేరుకొనును; కాచినచో క్రిములు నశించును. అయితే మన రసశాస్త్రమెరిగిన తాళకము, మనశ్శిలలలో ఉండే ఆర్సెనిక్ నీట కరిగినప్పుడు రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. కాచినకొద్దీ నీరు ఆవిరై, విషము మరింత చిక్కబడును! లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని భారతీయ ప్రమాణము.

ఇంత స్వల్పమును పసిగట్టునదే బయోసెన్సర్. కొన్ని బాక్టీరియాలలో, ఆర్సెనిక్ సోకగానే దానిని వెలుపలికి నెట్టివేసే జన్యువులు మేల్కొనును. శాస్త్రజ్ఞులు వాటికి వెలుగునిచ్చే జన్యువును జోడించిరి. విషమున్న నీట ఆ జీవి మెరయును. సైనైడు సంగతి వేరు. అది శ్వాసక్రియను స్తంభింపజేయును గనుక, సూక్ష్మజీవులు ప్రాణవాయువును తక్కువగా గ్రహించుటయే గుర్తు.

ఇటువంటి సాధనము చెంతనే ఉండుట ఎంత అవసరమో మన ప్రాంతమే చూచినది. గుణదలకు తూర్పున ఉన్న ఏలూరులో 2020 డిసెంబరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రి పాలైరి. నమూనాలు ఢిల్లీ దాకా వెళ్ళినవి. రోగుల రక్తములో సీసము, నికెల్ ఉన్నట్లు ఎయిమ్స్ తెలిపినది. పిమ్మట నిపుణుల దృష్టి పురుగుమందుల అవశేషాలపైకీ మళ్ళినది.

బయోసెన్సర్ ఇంకా ఇంటింటి వస్తువు కాలేదు. బోరునీరు త్రాగువారు పరీక్షకు ఇచ్చునపుడు ఆర్సెనిక్ పేరు చెప్పి మరీ అడుగవలెను. సాధారణ పరీక్షలో అది చేరకపోవచ్చును.