శీతకాలమున బీజింగు: బాటసారులు చూచిన నల్లరాయి

ఒక మహానగరమును గూర్చి తెలిసికొనగోరువారు దాని కోటలను, రాజవీథులను, అంగళ్లను వర్ణించిన గ్రంథములను చదువుదురు. అట్లు చదువుట మంచిదే. కాని చలిదేశపు నగరమును గూర్చి చదువునప్పుడు మరి రెండు ప్రశ్నలను గూడ అడుగవలయును. ఇంత జనము శీతకాలమున దేనితో చలి కాచుకొనుచున్నది? ఆ వెచ్చదనమునకు వెల చెల్లించువారెవరు? ఈ రెండు ప్రశ్నలను మనసున నుంచుకొని, చీనాదేశపు రాజధానియగు బీజింగు నగరమును, దానిని చూచిన బాటసారుల మాటలను ఈ వ్యాసమున పరిశీలింతము. పూర్వము మన పుస్తకములలో పెకింగని వ్రాయబడిన నగరమిదియే.

బీజింగు ఉత్తర అక్షాంశము 40 డిగ్రీలకు చేరువగా నున్నది. దానికి పడమటను ఉత్తరమునను కొండలు; తూర్పునను దక్షిణమునను విశాలమైన మైదానము. సముద్రము మిక్కిలి దూరము గాకున్నను శీతకాలమున సముద్రపుగాలి దానికి సోకదు. సైబీరియాపై పేరుకొన్న బరువైన చలిగాలి కొండలు దాటి వాయవ్యమునుండి వీచును. జనవరి రాత్రులయందు ఉష్ణమానము సాధారణముగా సున్నకు దిగువ ఏడెనిమిది డిగ్రీలుండును. చెరువులు గడ్డకట్టును. అయినను మంచు కురియుట తక్కువ. ఏలయన ఏటి వానలో అధికభాగము వేసవి మాసములయందే కురిసిపోవును. కావున శీతకాలమున అచ్చటికి బోయిన బాటసారికి తొలుత కానవచ్చునది తెల్లని మంచు గాదు. ఆకులు రాలిన చెట్లు, బూడిదవన్నె యిటుకగోడలు, పెదవులను పగులజేయు పొడిగాలి.

ఈ నగరమును లోకమునకు చాటిన బాటసారులలో మొదట చెప్పదగినవాడు వెనిసు నగరపు వర్తకుడైన మార్కో పోలో. మంగోలు చక్రవర్తియగు కుబ్లయిఖాను 1267లో నేటి బీజింగున్న తావున తన క్రొత్త రాజధానిని కట్టింప నారంభించెను. 1275 ప్రాంతమున మార్కో పోలో ఆ చక్రవర్తి కొలువునకు వచ్చెను. 1298లో జెనోవా నగరమున బందీగా నున్నకాలమున ఆతడు చెప్పగా తోటి బందీయగు రుస్తికెల్లో వ్రాసిన గ్రంథమున నల్లరాళ్ల సంగతి యొకటి కలదు. ఆ దేశమున కొండలనుండి నల్లని రాళ్లను త్రవ్వి తీయుదురనియు, అవి కట్టెలవలె మండుననియు, రాత్రి నిప్పు పెట్టినచో తెల్లవారువరకు ఆరకుండుననియు ఆతడు చెప్పినాడు. అచ్చట కట్టెలు లేకపోలేదు. కాని జనులు మిక్కుటము, వారు వారమునకు మూడుమారులైనను వేడినీట స్నానము చేయుదురు, అంతమందికి కట్టెలు చాలవు అనియు కారణము చూపినాడు. ఆ నల్లరాయి మనము రాక్షసిబొగ్గని పిలుచునదియే. చీనావారికి అది క్రొత్తవస్తువు గాదు. అంతకు పూర్వమే సాంగు వంశపురాజుల కాలమున దానితో ఇనుము కరగించుచుండిరి. వింత బాటసారికే గాని ఊరివారికి గాదు.

మన తెలుగుదేశమున మోటుపల్లి రేవును గూర్చియు, అచ్చటి రాణిని గూర్చియు వ్రాసిన మార్కో పోలో ఈతడే. ఆ రాణి కాకతీయ రుద్రమదేవియని చరిత్రకారులు చెప్పుదురు. ఆ రాజ్యమున లోయలలోనికి విసరిన మాంసఖండములతో డేగలు వజ్రములను పైకి తెచ్చునను కథను గూడ ఆతడు చెప్పినాడు. కావున ఆతని గ్రంథమును చదువునప్పుడు కన్నదేది, విన్నదేది యని వేరుపరచుకొనుట మనకు విధి. డేగల కథ విన్నది. నల్లరాతి సంగతి కన్నది.

ఆ రాయి నగరమునకు వచ్చిన త్రోవ చరిత్రలో స్పష్టముగా కానవచ్చుచున్నది. నగరమునకు పడమట మెంటౌగౌ అను కొండసీమలో గనులుండెను. అచ్చటినుండి రెండు మూపురముల ఒంటెలు బొగ్గుమూటలు మోసికొని వరుసగా నడచి నగరమునకు వచ్చుచుండెను. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో అచ్చటికి బోయిన విదేశీయులు పలువురు ఈ ఒంటెల బారులను ఛాయాచిత్రములు తీసిరి. బొగ్గు ప్రవేశించు పడమటి కోటవాకిలికి ఫూచెంగ్‌మెన్ అని పేరు. ఆ వాకిట రాతిపై ఒక పూవు చెక్కబడియుండెను. చీనాభాషలో ఆ పూవునకు ‘మేయి’ అని పేరు. బొగ్గునకును ‘మేయి’ అనియే పేరు. చదువురాని ఒంటెవాడును పూవును చూచి ఇది బొగ్గు వాకిలియని తెలిసికొనవచ్చును! ఆ కోటవాకిలి నేడు లేదు. ఇరువదవ శతాబ్దమున పడగొట్టబడినది.

అచ్చటి ఇండ్ల కట్టుబడియు చలినిబట్టియే యేర్పడినది. సన్నని సందులలో, నడుమ ముంగిలియు నాలుగువైపుల గదులును గల ఇండ్లు పూర్వపు బీజింగునకు గుర్తులు. ముఖ్యమైన గది ఉత్తరపువైపున దక్షిణాభిముఖముగా నుండును. శీతకాలపు వాలుటెండ లోనికి వచ్చును. వెనుకగోడ ఉత్తరపుగాలి నడ్డగించును. ఉత్తరచీనా పల్లెలలో ‘కాంగ్’ అను ఇటుకతిన్నె యింటింట నుండును. వంటపొయ్యి పొగ యీ తిన్నె లోపలి సొరంగములగుండ ప్రాకి, దానిని వెచ్చజేసి, పిదప గొట్టమునుండి వెలికి పోవును. ఒక్క నిప్పు అన్నము వండును, పడకను వెచ్చజేయును. పగలు దానిపై కూర్చుండి భుజింతురు. రాత్రి దానిపైననే యింటిల్లిపాదియు పరుండుదురు. 1420లో ముగిసిన చక్రవర్తుల కోటలోను కొన్ని గదుల నేలక్రింద ఇట్టి సొరంగములు కలవు.

ఆ కోటకు ఉత్తరముగా ఒక గుట్ట కలదు. దానిని విదేశీయులు బొగ్గుకొండ యనిరి. ముట్టడి సమయమున పనికివచ్చునని దాని క్రింద బొగ్గు దాచిరని కథ. వాస్తవమున అది కోట చుట్టును అగడ్త త్రవ్వినప్పుడు వెలువడిన మట్టితో పోసిన గుట్ట. ఇదియు డేగల కథవంటిదే. అయినను ఆ కథ పుట్టుటయే మనకొక సంగతి తెలుపుచున్నది: ఆ నగరవాసులకు ధాన్యము తరువాత ప్రాణాధారము బొగ్గేయని తోచెను.

శీతకాలమున బీజింగు వీథులు మూగబోవు ననుకొనరాదు. గడ్డకట్టిన చెరువులపై పిల్లలును ముదుసళ్లును ఇనుపపట్టీలు తాపిన కుర్చీలలో కూర్చుండి జారుదురు. ఎఱ్ఱని పుల్లని చిన్నపండ్లను పుల్లలకు గ్రుచ్చి పంచదారపాకమున ముంచి అమ్ముదురు. చలికి ఆ పాకము గాజువలె గట్టిపడును. కాల్చిన చిలగడదుంపల వాసన మూలమూలల గుప్పుమనును. ఇరువదవ శతాబ్దమున చిరకాలము, నవంబరు మాసము వచ్చెనన్న ఆకుకోసు గుట్టలు వీథులలో లేచెడివి. శీతకాలమంతటికిని చాలునట్లు కొని ఇంటిముంగిట పేర్చుకొనెడివారు. ఇవి బాటసారులకు వేడుక గొలుపు సంగతులు. ఆకుకోసు గుట్టల ప్రక్కననే మరియొక గుట్ట యుండెడిది. బొగ్గుపొడిని మట్టితో కలిపి, తేనెపట్టువలె బెజ్జములుంచి అచ్చు పోసిన బొగ్గుబిళ్లల గుట్ట యది. మూడుచక్రముల బండ్లపై వీనిని సందు సందునకు చేర్చెడివారు. పొగగొట్టము సరిగా లేని గదిలో ఆ బిళ్లలు మండినచో కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. వెచ్చగా నిద్రించినవారు మరల లేవకపోయిన యిండ్లు గలవు.

1950ల దశకమునుండి ప్రభుత్వము హువాయి నదికి ఉత్తరమున నున్న నగరములకు గొట్టములగుండ వేడి నందజేయు పద్ధతి నారంభించెను. బీజింగున నేటికిని నవంబరు 15 మొదలు మార్చి 15 వరకు ఇండ్లకు ఇట్లు వేడి వచ్చును. ఆ వేడికి మూలము చిరకాలము బొగ్గే. నదికి దక్షిణమున నున్నవారికి ఈ సౌకర్యము లేకుండెను. 2017లో ప్రకటింపబడిన యొక పరిశోధన ఈ నదికి ఇరువైపుల నున్న జనుల ఆయుర్దాయమును పోల్చి చూచెను. వెచ్చదనము పొందిన ఉత్తరదేశీయుల ఆయుర్దాయమే సుమారు మూడేండ్లు తక్కువయని తేలెను. కారణము గాలిలోని ధూళి.

ఈ పొగకును చలికిని ఒక చిత్రమైన సంబంధము కలదు. ఉత్తరపుగాలి విసరిన దినమున చలి కొరుకును, కాని ఆకాశము నిర్మలముగా నుండును. గాలి నిలిచిన దినమున చలి తగ్గును; అప్పుడు నేలనంటియున్న చల్లనిగాలిపై వెచ్చని గాలిపొర మూతవలె కప్పుకొనును. పడమటను ఉత్తరమునను కొండలు గోడలు. పొగకు పైకి పోవ త్రోవ లేదు, ప్రక్కకు పోవ త్రోవ లేదు. 2013 జనవరి 12వ తేదీన ఇట్లే జరిగెను. గాలిలోని అతిసూక్ష్మమగు ధూళి ఘనపుమీటరునకు 886 మైక్రోగ్రాములని అమెరికా రాయబారి కార్యాలయపు యంత్రము చూపెను. ఆ దినములలో వచ్చిన బాటసారులు కోటను గూర్చి వ్రాయలేదు. కోట కనబడలేదని వ్రాసిరి. మార్కో పోలో మెచ్చిన రాతియొక్క రెండవ ముఖమును వారు చూచిరి. మోటారుబండ్లును కర్మాగారములును ఆ దోషమున పాలుగొన్నవి. అయినను శీతకాలపు పొగలో బొగ్గు పాలు పెద్దది.

ఆ యేడే ప్రభుత్వము గాలిని శుభ్రపరచుటకు పెద్ద ప్రణాళికను ప్రకటించెను. నగరములోని బొగ్గు విద్యుత్కేంద్రములకు బదులు సహజవాయువుతో నడచునవి వచ్చెను. వానిలో కడపటిది 2017 మార్చిలో మూతపడెను. పాతసందుల యిండ్లలో బొగ్గుపొయ్యిలు పోయి విద్యుత్పొయ్యిలు వచ్చెను. 2020 నాటికి పడమటి కొండల గనులును మూతపడెను. 2013లో ఘనపుమీటరునకు 89.5 మైక్రోగ్రాములుగా నున్న సూక్ష్మధూళి సగటు 2021లో 33కు దిగెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5కు మించరాదని చెప్పుచున్నది గనుక పని ముగియలేదు. అయినను ఎనిమిదేండ్లలో ఇంత మార్పు సామాన్యము గాదు.

ఈ విజయకథను ఇచ్చటితో ముగించినచో మన రెండవ ప్రశ్నకు జవాబు చెప్పనట్లే యగును. 2017 శీతకాలమున బీజింగు చుట్టునున్న హేబేయి రాష్ట్రపు పల్లెలలో గూడ బొగ్గు నిషేధింపబడెను. పాతపొయ్యిలు తొలగింపబడెను, క్రొత్తగొట్టములు అనేక స్థలములలో ఇంకను రాలేదు. కూయాంగ్ అను తాలూకాలో కొన్ని ప్రాథమిక పాఠశాలల పిల్లలు చలిగదులలో కూర్చుండలేక బయట ఎండలో పాఠములు చదివిరి. ఈ వార్త దేశమంతట ప్రాకెను. పిదప ప్రభుత్వము, ప్రజలు వెచ్చగా నుండుటయే ముఖ్యమనియు, పని పూర్తికాని చోట్ల బొగ్గు కాల్చుకొనవచ్చుననియు ఆజ్ఞ లిచ్చెను. నగరపు ఆకాశము నీలమగుటకు పల్లెపిల్లల చేతివ్రేళ్లు కొంకర్లు పోయెను! ఆ పిల్లలు మన విద్యార్థుల యీడువారే.

పొయ్యి ఆరినదా, లేక తావు మారినదా యనియు అడుగవలసియున్నది. నగరపు ఉక్కు కర్మాగారము 2010 చివరతో అచ్చట పని చాలించి సముద్రతీరమునకు తరలెను. 2022 ఫిబ్రవరిలో జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో, ఆ కర్మాగారపు శీతలస్తంభముల ప్రక్కననే కట్టిన ఎత్తైన జారుడుబాటనుండి ఆటగాండ్రు ఎగిరి దుముకగా లోకమెల్ల చూచి ఆనందించెను. ఇక నగరమున వెలుగు విద్యుత్తులో పెద్దభాగము మంగోలియా సరిహద్దు రాష్ట్రములనుండియు పడమటి రాష్ట్రములనుండియు తీగెలగుండ వచ్చును. అచ్చట గాలిమరలును కలవు, బొగ్గుపొయ్యిలును కలవు. నగరమున నిలిచిన బాటసారికి ఆ పొగ కానరాదు.

విద్యార్థులారా, మార్కో పోలో అబద్ధమాడలేదు. 2013లో పొగను చూచినవారును అబద్ధమాడలేదు. ప్రతి బాటసారియు తాను చూచిన దినమున తనకు కనబడిన ముఖమునే చెప్పును. రెండుమూడు కాలములవారి మాటలను ప్రక్కప్రక్కన నుంచి చదివినప్పుడే నగరము పూర్తిగా తెలియును. మీరును సెలవులలో ఏ యూరికైన బోయి వ్యాసము వ్రాయునప్పుడు గోపురమెంత యెత్తని, అంగడి యెంత గొప్పదని మాత్రమే వ్రాసి యూరకుండవలదు. ఆ యూరి దీపములు దేనితో వెలుగుచున్నవి, నీరెచ్చటినుండి వచ్చుచున్నది, చెత్త యెచ్చటికి పోవుచున్నది, ఎవరి శ్రమచేత మనకు ఆ సుఖము కలిగినది యని ఒక్కరినైన అడిగి, వారు చెప్పినదానిని గూడ వ్రాయుడు.