ఉబ్బసపు మందులు - జంతుపరీక్ష

ఉబ్బసరోగమునందు శ్వాసనాళముల చుట్టు నుండు సన్నని కండరములు ముడుచుకొనును. లోపలి పొర వాచును. జిగటయైన కఫము దారి నడ్డగించును. రోగి గాలిని పీల్చుటకంటె విడుచుటకే యెక్కువ కష్టపడును. ఇట్టివానికి క్రొత్త మందు నిచ్చుటకు పూర్వము దాని గుణదోషములను జంతువులయందు పరీక్షించుట నూరేండ్లకు పైబడిన పద్ధతి. ఆ పరీక్ష యేమి తెలుపును, ఏమి తెలుపజాలదు అనునది విచారింపదగియున్నది.

ఈ దేశమున నీ పని కలకత్తా నగరమున స్థిరపడినది. లియొనార్డ్ రాజర్సు కృషివలన నేర్పడిన ఉష్ణమండల వైద్య పాఠశాలలో 1921వ సంవత్సరమున రామనాథ చోప్రా ఔషధశాస్త్రాచార్యుడుగా నియమితుడయ్యెను. దేశీయౌషధములను పొగడుటయు గాదు, తెగడుటయు గాదు, కొలిచి చూడవలె ననునది యాయన మార్గము. తెలుగునాట దగ్గునకును ఆయాసమునకును పల్లెవారెల్ల రెరిగిన యడ్డసరమునే వంగదేశీయులు వాసక యందురు. దానిలోని సారమగు వాసిసినును చోప్రాయు ఘోషును పరీక్షించి, అది శ్వాసనాళములను స్వల్పముగనే యైనను చాలసేపు విప్పుననియు, అట్రోపిన్ ఇచ్చిన పిమ్మట నా గుణ మధికమగుననియు 1925లో ప్రకటించిరి. ఇదే సారము గర్భాశయమును ముడుచుకొనజేయునని తరువాతి పరీక్షలవలన తెలిసినది. కావున గర్భిణీస్త్రీలు అడ్డసరపు కషాయమును వైద్యుని యనుమతి లేక పుచ్చుకొనరాదు.

వాయవ్య హిమాలయమున పెరుగు ఎఫెడ్రా మొక్కయు నచ్చటనే శోధింపబడెను. ఎఫెడ్రిన్ శ్వాసమునకు మేలుచేయుచునే రక్తపు పోటును హెచ్చించును. ఒక యవయవమును మాత్రమే చూచువానికి మందు మంచిదిగనే తోచును. జంతువు మొత్తమును చూచువానికే దాని వెల తెలియును.

ఉబ్బసపు మందులకు గినీపంది విశేషముగా వాడబడినది. హిస్టమీను తగిలినంతనే దాని శ్వాసనాళములు బిగిసికొనునని డేల్, లైడ్లా అను శాస్త్రజ్ఞులు 1910లో చూపిరి. ఆ జంతువును గాజుపెట్టెలో నుంచి హిస్టమీను తుంపరను వదలుదురు. అది యాయాసపడుటకు పట్టిన కాలమును గుర్తింతురు. మందు నిచ్చి మరల జూతురు. మరియొక విధమున, కోడిగ్రుడ్డు తెల్లసొనను ముందొకసారి సూదితో నెక్కించి, కొన్ని వారములకు మరల తగిలించినచో, అదే పదార్థము దానికి విషమువలె పనిచేయును. మత్తునందున్న జంతువు ఊపిరితిత్తులలోనికి గాలి నెంత కష్టముతో పంపవలసివచ్చునో కొలుచు యంత్రమును 1940లో కొన్‌జెట్టు, రోస్లరు లిరువురు కల్పించిరి.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. గినీపందికి ఉబ్బసము సహజముగా రాదు. మనము కలిగించినదే వచ్చును. 1937లో పారిసునందు బోవే, స్టౌబులు కనుగొన్న హిస్టమీను విరోధులు గినీపందిని చావునుండి కాపాడెను. ఆ జాతి మందులు తుమ్ములకును దద్దురులకును మిక్కిలి పనికివచ్చెను గాని, రాత్రివేళ మంచముపై కూర్చుండి యెగరోజు రోగికి స్వల్పముగనే తోడ్పడెను. మనుష్యుని శ్వాసనాళమును బిగించునది హిస్టమీను ఒక్కటే కాదు. ల్యూకోట్రీనులను పదార్థముల స్వరూపము 1979లో స్వీడను దేశపు సామ్యుయెల్సను వలన తేటపడిన పిమ్మట నీ భేదమునకు కొంత కారణము దొరకినది.

దీనికి విపరీతమైన కథయు గలదు. ఆల్టౌన్యన్ అను నాంగ్లేయ వైద్యుడు తానే ఉబ్బసరోగి. గినీపంది పరీక్షయందు నమ్మకము లేక, ఆ జంతువు వెండ్రుకల సారమునే పీల్చి తనకు తానాయాసము తెప్పించుకొని, ఈజిప్టు దేశపు మూలికనుండి పుట్టిన మందుల నొక్కొక్కటిగా తనపై పరీక్షించెను. 1965లో క్రోమోగ్లైకేటు అట్లు లభించినది. ఆ ధైర్యము మెచ్చదగినదే గాని యితరు లనుకరింపదగినది కాదు.

ఇటీవల చుంచెలుక యెక్కువ వాడుకలోనికి వచ్చినది. దాని పోషణము చౌక. కాని దాని శ్వాసనాళములందు కండరము తక్కువ. సహజముగా నిట్టి వ్యాధి పొందునవి పిల్లియు గుర్రమును. వాటిని మందల కొలది ప్రయోగశాలలో నుంచుట సాధ్యము గాదు.

జంతుహింసా నివారణమునకు 1890లోను మరల 1960లోను శాసనములు చేయబడినవి. రెండవదాని ననుసరించి పరీక్షలపై పర్యవేక్షక సంఘ మేర్పడినది. 2023వ సంవత్సరపు మార్చిలో నూతనౌషధ నిబంధనలు సవరింపబడి, మానవకణములతో గాజుపాత్రలలోను యంత్రగణనముచేతను చేయు పరీక్షల ఫలితములును అంగీకారయోగ్యములైనవి.