పన్నెండో గణంలో ఒక్క అక్షరం

ఈసారి మన గోడపత్రికకి సిలబస్‌లో లేని పాఠం రాస్తున్నాను. తెలుగు శాఖ గోడ మీద కేన్సర్ పాఠం ఏమిటి అనుకోకండి. గణాలు కట్టడం వచ్చినవాళ్లకి ఇది తొందరగానే అర్థమవుతుంది. ఛందస్సు క్లాసులో కూర్చునే నాకు అర్థమైంది కాబట్టి చెప్తున్నాను.

మా నాన్నవాళ్లది బీదర్ జిల్లాలో హుమ్నాబాద్ దగ్గర దుబల్గుండి. ఇంట్లో నాన్నతో కన్నడ, అమ్మతో తెలుగు. నాన్నమ్మని అజ్జి అంటాం. రెండేళ్ల కింద అజ్జికి మూత్రంలో రక్తం పడింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని, పైగా చెప్పుకోవడానికి సిగ్గనిపించి, ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి హైదరాబాద్ తీసుకొస్తే మూత్రాశయ కేన్సర్ అన్నారు.

అప్పుడు ఇంట్లో మూడు మాటలు మొదలయ్యాయి. ఒకటి, "ఏ జన్మలో చేసిన పాపమో". రెండోది, అంటుకుంటుందేమో అని అజ్జి కంచం, చెంబు వేరే పెట్టడం. మూడోది, మా చిన్నాన్న కూతురికి వచ్చిన సంబంధం వాళ్లు "ఆ ఇంట్లో కేన్సర్ ఉందట కదా" అని వెనక్కి తగ్గడం. ఎవరి పాపం? అంటుకుంటుందా? మాకూ వస్తుందా? ఈ మూడు ప్రశ్నలకి జవాబు వెతుకుతూ పోతే నాకు ఒక తెలుగాయన పేరు కనపడింది.

ముందు గణాల సంగతి చూద్దాం. మనకి గురువు, లఘువు అని రెండే గుర్తులు. మూడేసి చొప్పున కలిపితే 2×2×2, ఎనిమిది గణాలు: య, మ, త, ర, జ, భ, న, స. మన శరీరంలో ప్రతి కణం లోపల ఉండే డీఎన్ఏకి నాలుగు అక్షరాలు: ఎ, టి, జి, సి. కణం కూడా వాటిని మూడేసి చొప్పునే చదువుతుంది. అంటే 4×4×4, అరవై నాలుగు గణాలు. దాదాపు ప్రతి గణానికీ ఒక అమైనో ఆమ్లం. వాటిని వరసగా గుచ్చితే ఒక ప్రోటీన్. ఆ ప్రోటీన్ ఎట్లా తయారుకావాలో చెప్పే డీఎన్ఏ ముక్కని జన్యువు అంటారు. జన్యువుని పద్యం అనుకోండి, సరిపోతుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. చేసిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి గారు 1982 నాటికి అమెరికాలోని జాతీయ కేన్సర్ సంస్థలో పనిచేస్తున్నారు. అప్పుడు శాస్త్రవేత్తల ముందు ఒక చిక్కుముడి ఉంది. టి24 అనే పేరుతో ప్రయోగశాలల్లో పెంచుతున్న కణాలున్నాయి. అవి 81 ఏళ్ల స్వీడన్ స్త్రీ మూత్రాశయ కేన్సర్ నుంచి తీసినవి. (ఇది చదివినప్పుడు నాకు వెంటనే అజ్జి గుర్తొచ్చింది.) ఆ కణాల్లోని ఒక జన్యువుని తీసి, గాజు పళ్లెంలో పెరిగే ఎలుక కణాల్లో పెడితే అవి అదుపు తప్పి పెరుగుతున్నాయి. కానీ అదే జన్యువు ఆరోగ్యంగా ఉన్న మనిషిలోనూ ఉంది, అక్కడ ఏ హానీ చేయడం లేదు. మరి తేడా ఎక్కడుంది?

1982 నవంబర్‌లో నేచర్ పత్రికలో రెడ్డి, రేనాల్డ్స్, సాంటోస్, బార్బాసిడ్ కలిసి రాసిన వ్యాసం వచ్చింది. అదే సంచికలో రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం కూడా విడిగా అదే జవాబు చెప్పింది. జవాబు ఏమిటంటే, ఒక్క అక్షరం. ఆ ప్రోటీన్ పేరు రాస్. అందులో 189 అమైనో ఆమ్లాలుంటాయి. పన్నెండో గణం జి-జి-సి అని ఉండాల్సింది జి-టి-సి అయింది. గ్లైసీన్ రావాల్సిన చోట వాలీన్ వచ్చింది. అంతే తేడా.

ఉత్పలమాల భగణంతో మొదలవుతుందని మనకి తెలుసు. అందులో నడిమి లఘువు గురువైతే అది తగణమైపోతుంది, పద్యం నడక చెడుతుంది. ఇదీ అట్లాంటిదే. అయితే అక్షరం మారిన ప్రతిసారీ ముప్పేం రాదు. జి-జి-సి బదులు జి-జి-టి వచ్చినా అదీ గ్లైసీనే, ఏ నష్టమూ లేదు. ఏ అక్షరం, ఏ చోట మారింది అన్నదే ముఖ్యం.

పన్నెండో చోటు ఎందుకంత ముఖ్యం? రాస్ అనేది కణంలో ఒక స్విచ్. దెబ్బ తగిలి చర్మం తెగిందనుకోండి. "పెరగండి" అనే కబురు కణం బయటికి వస్తుంది. కణం పొర మీదున్న గ్రాహకం దాన్ని అందుకుని లోపలున్న రాస్‌కి చేరవేస్తుంది. రాస్ నుంచి రాఫ్‌కి, రాఫ్ నుంచి మెక్‌కి, మెక్ నుంచి ఎర్క్‌కి పోతుంది. ఎర్క్ కేంద్రకంలోకి వెళ్లి జన్యువుల్ని లేపుతుంది, కణం రెండవుతుంది. ఇట్లా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి కబురు నడిచే దారినే సంకేత మార్గం అంటారు. పని అయ్యాక రాస్ ఆగిపోవాలి. జీటీపీ అనే అణువు పట్టుకున్నప్పుడు అది ఆన్. ఒక సహాయక ప్రోటీన్ తోడుతో దాన్ని జీడీపీగా తెంపేస్తే ఆఫ్. గ్లైసీన్ అమైనో ఆమ్లాలన్నిటిలో చిన్నది, కాబట్టి అక్కడ తెంపడానికి చోటుంటుంది. వాలీన్ పెద్దది, అడ్డం పడుతుంది. స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది.

దుబల్గుండిలో మా చిన్నాన్న బోరు మోటారు స్టార్టర్ ఒకసారి లోపల అతుక్కుపోయింది. ఎర్ర బటన్ నొక్కినా మోటారు ఆగలేదు. నీళ్లు కావాలని అడిగినవాళ్లు లేరు, నీళ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి, తెల్లారేసరికి చేను మునిగింది. కేన్సర్ కణం పరిస్థితి అదే. అయితే ఈ ఒక్క తప్పుతోనే కేన్సర్ రాదు. మామూలుగా ఇట్లాంటి తప్పులు ఇంకొన్ని, ఏళ్ల తరబడి ఒకే కణంలో పోగుపడాలి. పెద్ద వయసులో కేన్సర్ ఎక్కువ కనపడడానికి ఇదొక కారణం.

దారి తెలిస్తే అడ్డం వేయొచ్చు. కొన్ని రకాల రొమ్ము కేన్సర్‌కి 1998లో ట్రాస్టుజుమాబ్, ఒక రకం రక్త కేన్సర్‌కి 2001లో ఇమాటినిబ్ ఇట్లా సంకేత మార్గాల్ని ఆపే మందులుగానే వచ్చాయి. రాస్ మాత్రం చాలాకాలం లొంగలేదు. దాని మీద నేరుగా పనిచేసే మొదటి మందు సోటోరాసిబ్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది 2021లో. అది కూడా పన్నెండో చోట గ్లైసీన్ బదులు సిస్టీన్ వచ్చిన ఒక రకం ఊపిరితిత్తుల కేన్సర్‌కే. ప్రేమ్‌కుమార్ రెడ్డి గారు 1987లో ఆంకోజీన్ అనే పరిశోధన పత్రిక మొదలుపెట్టారు, రిగోసెర్టిబ్ అనే మందు మీద ఏళ్లకేళ్లు పనిచేశారు. రాస్ వచ్చి పట్టుకునే చోటే ఆ మందు రాఫ్ మీద కూర్చుంటుందని 2016లో ఆయన బృందం చూపించింది. కానీ ఒక రక్తవ్యాధి మీద జరిగిన పెద్ద పరీక్షలో అది అనుకున్న ఫలితం ఇవ్వలేదని 2020లో తేలింది. అక్షరం దొరికిన 1982 నుంచి మొదటి మందు వచ్చిన 2021 దాకా 39 ఏళ్లు. పరిశోధన అంటే ఇంత ఓపిక కావాలని నాకు అప్పుడే తెలిసింది.

ఇక మా ఇంటి మూడు ప్రశ్నలు.

ఎవరి పాపం? ఎవరిదీ కాదు. కణం రెండైనప్పుడల్లా డీఎన్ఏకి నకలు రాసుకోవాలి, ఆ రాతలో తప్పులు పడతాయి. పొగాకు పొగ ఆ తప్పుల్ని పెంచుతుంది, మూత్రాశయ కేన్సర్‌కి అదే పెద్ద కారణం. మా అజ్జి బీడీ ముట్టలేదు. ముట్టనివాళ్లకీ రావొచ్చు.

అంటుకుంటుందా? అంటుకోదు. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కి కారణమయ్యే వైరస్ ఒకరి నుంచి ఒకరికి సోకుతుంది, నిజమే. కానీ అది కంచంతో, చెంబుతో వచ్చేది కాదు, దానికి టీకా కూడా ఉంది.

మాకూ వస్తుందా? టి24లో మారిన అక్షరం మూత్రాశయంలోని కణంలో మారింది. అట్లాంటి మార్పు బిడ్డలకి పోదు. వంశంలో వచ్చే కేన్సర్లు కొన్ని ఉన్నాయి, ఒకే కుటుంబంలో చాలామందికి వస్తే డాక్టరుని అడగాలి. అంతేగాని ఒక ముసలమ్మకి వచ్చిందని ఒక పిల్ల పెళ్లి ఆపడానికి సైన్సులో కారణం లేదు.

ఇదంతా అజ్జికి నేను కన్నడలోనే చెప్పాను. అక్షరం రెండు భాషల్లోనూ అక్షరమే కాబట్టి ఇబ్బంది పడలేదు. "ఒందే అక్షర తప్పు, అజ్జీ" అన్నాను. "అష్టేనా?" అంది. అంతేనా అని. ఆ రోజు రాత్రి అమ్మ ఏమీ మాట్లాడకుండా అజ్జి కంచం తెచ్చి మా కంచాల మధ్య పెట్టింది. తర్వాత ఎనిమిది నెలలు అజ్జి అందులోనే, మాతోపాటే తింది. పోయిన సంక్రాంతి ముందు పోయింది.

ఆ ఆరు నెలలు ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. తొందరగా చూపిస్తే నయమయ్యే అవకాశం ఎక్కువని మాత్రం డాక్టర్లందరూ చెప్తారు. కాబట్టి మిత్రులారా, ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీ నాన్నమ్మనో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. మూత్రంలో రక్తం ఒక్కసారి కనపడినా, నొప్పి లేకపోయినా, నాకు చెప్పు అనండి. సిగ్గుపడి వాళ్లు చెప్పరు. మనమే అడగాలి.